అణు వ్యర్థ జలాలు: కొలిచే పరికరం చెడిపోతే ఏం జరుగుతుంది?

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన వార్తల్లోకి వచ్చినప్పుడల్లా విజయవాడలో మాట చెర్నోబిల్ మీదికో, ఫుకుషిమా మీదికో పోతుంది. ఏ ప్రమాదమూ లేని రోజున ఆ కేంద్రం బయటికి వదిలే నీటి గురించి అడిగేవారు తక్కువ. ముందు అడగవలసింది దాని గురించే. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగ, బూడిద మన కంటికి కనిపిస్తాయి. రేడియోధార్మికతకు రంగూ వాసనా లేవు. పరికరం చెబితేనే తెలుస్తుంది.

అణు కేంద్రంలో నేల కడిగిన నీటిని, సిబ్బంది దుస్తులు ఉతికిన నీటిని, పంపుల నుంచి కారిన నీటిని శుద్ధి చేసి ట్యాంకులో నింపుతారు. బాగా కలియబెట్టి, నమూనా తీసి పరీక్షిస్తారు. పరిమితికి లోబడి ఉంటే మరింత నీటితో పలచన చేసి వదులుతారు. వదిలే గొట్టం దగ్గర రేడియేషన్ మానిటర్ ఉంటుంది. చాలాచోట్ల అందులో ఉండేది సోడియం అయొడైడ్ స్ఫటికం. గామా కిరణం తగిలినప్పుడల్లా అది సన్నగా మెరుస్తుంది. మెరుపుల లెక్క హద్దు దాటితే అలారం మోగి వాల్వు దానంతటదే మూసుకుంటుంది. అయితే ట్రిటియం (రేడియోధార్మికత గల హైడ్రోజన్) నుంచి వచ్చే బలహీనమైన బీటా కిరణాలు ఈ స్ఫటికానికి అందవు. వాటికి నమూనా పరీక్షే దిక్కు.

అమెరికా కేంద్రాల్లో మానిటర్ చెడితే విడుదల ఆపాలి, లేదా రెండు నమూనాలు విడివిడిగా పరీక్షించాలి. లెక్కలను, వాల్వుల అమరికను ఇద్దరు వేర్వేరుగా సరిచూడాలి. 30 రోజుల్లో బాగుచేయలేకపోతే వార్షిక నివేదికలో కారణం రాయాలి. ఆ నివేదిక ఎవరైనా చదవవచ్చు. 1979 మార్చి 28న అక్కడి త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రం ప్రమాదంలో చిమ్నీ మానిటర్లు పనిచేస్తూనే ఉన్నా వాటి కొలత పరిధి చాలలేదు. ఆ తర్వాతే ఎక్కువ పరిధి గల మానిటర్లను తప్పనిసరి చేశారు.

మన దేశంలో ఈ విషయం చెప్పాలంటే తమిళనాడులోని కల్పాక్కం దగ్గర ఆగక తప్పదు. 2003 జనవరి 21న అక్కడ వాడేసిన అణు ఇంధనాన్ని పునఃశుద్ధి చేసే కర్మాగారంలో ఒక వాల్వు విఫలమై, తీవ్ర రేడియోధార్మికత గల వ్యర్థం తక్కువ స్థాయి వ్యర్థాల ట్యాంకులోకి చేరింది. ఆ చోట మానిటర్ లేదు. వాల్వు చెడిందని చెప్పే ఏర్పాటూ లేదు. మామూలు వ్యర్థమే అనుకుని సిబ్బంది నమూనా తీశారు. దాన్ని పరీక్షించాకే అసలు సంగతి బయటపడింది. అప్పటికే ఆరుగురికి 280 నుంచి 420 మిల్లీసీవర్టుల (శరీరానికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) దాకా రేడియేషన్ సోకింది. మన దేశంలో అణు కార్మికుడికి ఏడాదికి గరిష్ఠ పరిమితి 30. ఆ ఆరుగురు చేస్తున్నది రోజూ చేసే పనే. అన్నిటికంటే బాధించేది అదే.

1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి తన వార్షిక నివేదికల్లో ఒక్కో కేంద్రం ఎంత వదిలిందో అనుమతించిన పరిమితిలో శాతంగా చెబుతుంది. మానిటర్ పనిచేయని రోజులెన్ని, ఆ రోజుల్లో నమూనాలు ఎవరు సరిచూశారు అన్న లెక్క కూడా దాని పక్కనే ఉండాలి. కొవ్వాడ మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, అక్కడి మత్స్యకారుల తరఫున నేను మొదట అడిగేది ఆ లెక్కే.