కార్పొరేటర్‌గా నిలబడేదానికి ఏం ఉండాలి? అపోహలు – వాస్తవాలు

నెల్లూరులో లాయర్ని. మునిసిపల్ ఎన్నికలొచ్చాయంటే నామినేషన్ పేపర్ల పని మా టేబుల్ మీదకే వస్తాది. ప్రతిసారీ అవే డౌట్లు, అందుకే రాస్తున్నా.

అపోహ: డిగ్రీ ఉండాలంట గదా?
అదేం లేదు. 21 ఏళ్ళు నిండి, ఆ ఊరి ఓటరు లిస్టులో పేరుంటే చాలు. హర్యానాలో 2015లో పంచాయతీలకి చదువు రూలు పెట్టారు, అది వాట్సాప్‌లో తిరిగి తిరిగి మన దగ్గర కూడా ఉన్నట్టే అయిపోయింది.

అపోహ: ముగ్గురు పిల్లలుంటే కుదరదు.
మొన్నటి దాకా నిజమే. 2024 నవంబర్‌లో అసెంబ్లీ ఆ రూలు ఎత్తేసింది.

అపోహ: భర్త బీసీ అయితే బీసీ మహిళ సీటులో భార్యని పెట్టేయొచ్చు.
ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. కులం పుట్టుకతో వచ్చేది, పెళ్ళితో మారదు. పుట్టింటోళ్ళు ఓసీ అయితే భర్త ఎవరైనా ఆమె ఆ సీటుకి పనికిరాదు, అదే బీసీ ఇంట్లో పుట్టి ఓసీ ఇంటికి కోడలుగా పోయినామె నిక్షేపంగా నిలబడొచ్చు. మా దగ్గరకొచ్చే అన్నలు భర్త సర్టిఫికెట్ జిరాక్సు తెచ్చి టేబుల్ మీద పెడతారు, పక్కన ఆమె పలక్కుండా కూర్చోనుంటాది, అమ్మా మీ నాన్నగారి తరపు సర్టిఫికెట్ ఉండాదా అంటే ఆయన మొహం చూస్తాది. ఇంక లాస్ట్ డేట్ ముందర పుట్టింటికి ఏ ఉదయగిరో కనిగిరో పోయి ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగాల్సిందే. సీట్లలో సగం ఆడోళ్ళవే కాబట్టి రిజర్వేషన్ లిస్టు వచ్చేదాకా ఆగొద్దు, ముందే తీసిపెట్టుకోండి.

అపోహ: కేసుంటే పోటీకి అనర్హుడు.
కేసు ఉన్నంత మాత్రాన కాదు, శిక్ష పడితే సమస్య. కానీ నామినేషన్‌తో ఇచ్చే డిక్లరేషన్‌లో రాయాల్సిందే, ఆస్తులూ అప్పులూ చదువూ కూడా, ఏమీ లేకపోతే లేదు అని రాయండి గానీ ఖాళీ వదలొద్దు. కేసుల గురించి ఇంత కంగారు పడేటోళ్ళు ఇంటి పన్ను, కుళాయి పన్ను బకాయి సంగతి మాత్రం అడగరు, కార్పొరేషన్‌లో తన పేరు మీద నడిచే కాంట్రాక్టు ఉంటే అనర్హత అన్నది గూడా అడగరు. ఏ కాలవ పూడికతీత పనో ఇంకా క్లోజ్ కాకుండా ఉంటే, అవతలి పార్టీ లాయరు స్క్రూటినీలో, అంటే నామినేషన్లు పరిశీలించేటప్పుడు, పట్టుకునేది దాన్నే.

అపోహ: భార్య గెలిస్తే మీటింగ్‌కి భర్త పోవచ్చు.
కుదరదు. ఫ్లెక్సీలో ఆయన ఫొటో ఎంత పెద్దదైనా వేసుకోండి, కౌన్సిల్‌లో కూర్చునేది, చెయ్యెత్తేది, సంతకం పెట్టేది ఆమే.