షూ మార్చినా ఆగని కాలు నొప్పి: దూరపు పరుగుపై అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న నా దగ్గరికి పరుగు వల్ల వచ్చిన నొప్పులతో రెండు రకాల వారు వస్తుంటారు. పోలీసు ఉద్యోగాల ఈవెంట్స్ (శారీరక పరీక్షలు) కోసం తెల్లవారుజామునే ఎన్‌జీ కాలేజీ మైదానానికో, మేకల అభినవ్ స్టేడియానికో వెళ్లే యువతీ యువకులు ఒక రకం. నలభై దాటాక షుగర్ రిపోర్టు చూసి పరుగు మొదలుపెట్టి, ఏడాది తిరగకుండానే ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు పేరు నమోదు చేసుకున్న ఉద్యోగులు, ఉపాధ్యాయులు రెండో రకం. వయసు వేరు, లక్ష్యం వేరు, కానీ ఇద్దరూ కూర్చోగానే అడిగేది ఒకటే: “ఏ షూ కొనాలి సార్?” పోయిన నెల ఎంత దూరం పరుగెత్తారు, ఈ నెల ఎంత పరుగెత్తుతున్నారు అని నేను తిరిగి అడిగితే, ఆ లెక్క ఇప్పుడెందుకన్నట్టు చూస్తారు.

అపోహ: నొప్పికి కారణం షూ. ఖరీదైన షూ కొంటే తగ్గిపోతుంది.

మిగతా అపోహలన్నీ కలిసి చేసిన నష్టం కంటే ఈ ఒక్కటి చేసిన నష్టమే ఎక్కువ కాబట్టి, దీని గురించే ఎక్కువ రాస్తున్నాను. షిన్ పెయిన్ (మోకాలి కింద కాలి ముందు ఎముక వెంట వచ్చే నొప్పి) గానీ, మోకాలి చిప్ప చుట్టూ వచ్చే నొప్పి గానీ, మడమ వెనుక టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీ) నొప్పి గానీ, చాలావరకు కాలు తట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువ భారం తక్కువ కాలంలో పడడం వల్ల వచ్చేవే. అప్పటిదాకా రీడింగ్ రూమ్‌లో కూర్చొని చదివిన అబ్బాయి, ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చిన మర్నాడే గ్రౌండ్‌లో దిగి, వారానికి ఆరు రోజులు ఉన్న సత్తువంతా పెట్టి పరుగెత్తుతాడు. మూడు నాలుగు వారాలకు దమ్ము పెరుగుతుంది, ఆయాసం తగ్గుతుంది, ఆ ఉత్సాహంలో దూరం రెట్టింపు చేస్తాడు. మోసమంతా ఇక్కడే ఉంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొన్ని వారాల్లోనే కొత్త శ్రమకు అలవాటు పడతాయి, ఎముకలకు, టెండన్లకు మాత్రం నెలలు పడుతుంది. భారం పెరిగినప్పుడు ఎముక ముందుగా దెబ్బతిన్న పాత భాగాన్ని కరిగించుకొని, ఆ తరువాతే ఆ చోట కొత్త ఎముకను నింపుకుంటుంది. ఈ పని పూర్తి కావడానికి సుమారు మూడు నాలుగు నెలలు కావాలి. రోడ్డు తవ్వి ఇంకా తారు పోయకముందే దాని మీద లారీలను వదిలితే ఏమవుతుందో, ఆ నడుమ వారాల్లో దూరం పెంచిన కాలికీ అదే జరుగుతుంది. దమ్ము ఉంది కదా అని శరీరం ముందుకు నెడుతుంటే, ఎముక లోపల సన్నని పగులు పెరుగుతూ ఉంటుంది.

ఇక షూ సంగతి. పాదం చదునుగా ఉంటే ఒక రకం, వంపు ఎక్కువగా ఉంటే మరో రకం షూ వేసుకోవాలని, లేకపోతే గాయాలు తప్పవని దుకాణాల్లో ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు. అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్ దళాల్లో కొత్తగా చేరిన వారిపై ఈ మాటను నేరుగా పరీక్షించారు. కొందరికి పాదం ఆకారాన్ని చూసి దానికి తగిన షూ ఇచ్చారు, మిగతా వారికి ఆకారం చూడకుండా అందరికీ ఒకే రకం షూ ఇచ్చారు. రెండు గుంపుల్లో గాయాల తేడా దాదాపు లేదు. మడమ ఎత్తులో తేడా భారాన్ని తీసేయదు, చోటు మారుస్తుంది. మడమ కింద ఎత్తు తక్కువ ఉన్న షూ పిక్క మీద, మడమ టెండన్ మీద పని పెంచితే, ఎత్తు ఎక్కువ ఉన్నది మోకాలి మీద పెంచుతుంది. అందుకే షూ మార్చిన వారంలో పాత నొప్పి కాస్త తగ్గి “సెట్ అయింది” అనిపించి, నెల తిరిగేసరికి కొత్త చోట నొప్పి మొదలవుతుంది.

తిప్పర్తి వైపు నుంచి ఒక పెద్దాయన కొడుకును వెంటబెట్టుకొని వచ్చి, షూ డబ్బా నా బల్ల మీద పెట్టి, “సారు, పత్తి పైసల్లకెల్లి తీసి మూడో జత కొనిచ్చిన, ఇదన్న మంచిదేనా జర జూడుండ్రి” అన్నారు. డబ్బా పక్కకు పెట్టి కాలు చూశాను. బొటనవేలితో కాలి ముందు ఎముక లోపలి అంచు వెంట మోకాలి కింది నుంచి చీలమండ దాకా మెల్లగా నొక్కుకుంటూ వెళితే, మామూలు షిన్ పెయిన్‌లో జానెడు మేర అంతటా సలుపుతుంది, పరుగు మొదలైన కాసేపటికి తగ్గినట్టూ ఉంటుంది. ఈ అబ్బాయి కాలు మీద బొటనవేలు ఒక్క చోటికి రాగానే, రూపాయి బిళ్ల అంత మేరలో, కాలు వెనక్కి లాక్కున్నాడు. రాత్రి పడుకున్నాక కూడా నొప్పి ఉంటోందని, ఒంటికాలి మీద గెంతలేకపోతున్నానని చెప్పాడు. ఎక్స్‌రే తీయించారు, అందులో ఏమీ లేదు. ఏమీ లేదన్న ధైర్యంతోనే మళ్లీ పరుగెత్తాడు. స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే పడిన భారంతో ఎముకలో వచ్చే సన్నని పగులు, తొలి వారాల్లో ఎక్స్‌రేలో తరచుగా కనిపించదు, ఎంఆర్‌ఐలో బయటపడుతుంది, ఇక్కడా అదే జరిగింది. “ఈవెంట్స్ పోతయ్ సార్” అని ఆ అబ్బాయి కళ్లనీళ్లు పెట్టుకుంటే, షూ గురించి ఉపన్యాసం ఇవ్వబుద్ధి కాలేదు. కొన్ని వారాలు పరుగు పూర్తిగా ఆపించి, దమ్ము తగ్గకుండా సైకిల్ తొక్కించి, నడకలో, గెంతులో నొప్పి లేదని తేలాక నడక మధ్యలో నిమిషం చొప్పున పరుగుతో మళ్లీ మొదలుపెట్టించాం. వేసుకున్నది ఆ మూడో జతే.

ఈ అబ్బాయిల తరఫున ఒక మాట చెప్పాలి. తప్పంతా వాళ్లది కాదు. తెలంగాణ 2022 నోటిఫికేషన్ ప్రకారం కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. ఇంటిల్లిపాదీ ఆ గడియారం వైపే చూస్తున్నప్పుడు, రోజూ స్టాప్‌వాచ్ పెట్టుకొని అదే దూరం అదే వేగంతో పరుగెత్తడం సహజమే అనిపిస్తుంది. కానీ రోజూ పరీక్ష రాయడం చదువు కానట్టే, రోజూ టైమ్ చూసుకోవడం సాధన కాదు. వారంలో ఎక్కువ రోజులు పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నిదానంగా పరుగెత్తి, ఒకటి రెండు రోజులు మాత్రమే వేగానికి కేటాయించి, కనీసం ఒక రోజు కాలికి పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. మారథాన్‌కు సిద్ధమయ్యే వారికీ ఇదే పద్ధతి. పోయిన నెలంతా ఎనిమిది కిలోమీటర్లు దాటని వారు స్నేహితులు పిలిచారని ఆదివారం పదహారు పరుగెత్తితే, ఏ కంపెనీ షూ వారిని కాపాడలేదు.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని రాత్రి భోజనం మానేసి, పొద్దున ఖాళీ కడుపుతో గ్రౌండ్‌కు వచ్చేవారు ఉన్నారు. తిండి చాలక నెలసరి ఆగిపోతే, అది బాగా కష్టపడుతున్నందుకు గుర్తు కాదు, ఎముక బలం తగ్గుతోందన్న హెచ్చరిక. అలాంటి వారికి స్ట్రెస్ ఫ్రాక్చర్ ముప్పు ఎక్కువ. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడి ముందు షూ మార్చుకుంటున్నారు. అమ్మకు చెప్పండి, స్త్రీల వైద్యురాలికి చూపించుకోండి.

షూ అసలు ముఖ్యమే కాదా అంటే, ముఖ్యమే, కానీ కొలత వరకు. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట, పరుగుకు వేసుకునే సాక్సులతోనే వెళ్లండి. నిలబడినప్పుడు పొడవైన వేలికి, షూ కొసకు మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, మడమ జారకూడదు, వేళ్లు ఇరుకున పడకూడదు. దుకాణంలోనే నాలుగు అడుగులు పరుగెత్తి, హాయిగా ఉన్నది తీసుకోండి. సుమారు 500 నుంచి 800 కిలోమీటర్ల తరువాత అడుగు భాగం అణగారిపోతుంది. కొత్త జతను పోటీ రోజున మొదటిసారి వేసుకోవద్దు.

అపోహ: కార్బన్ ప్లేట్ షూ (అడుగు భాగంలో గట్టి కార్బన్ పలక ఉన్నది) వేసుకుంటే అందరికీ వేగం వస్తుంది.

ఆ రకం తొలి షూపై ప్రయోగశాలలో కనిపించిన సగటున నాలుగు శాతం శక్తి ఆదా, గంటకు 14 నుంచి 18 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగల వారిలో కొలిచినది. రోడ్డు పోటీల షూ అడుగు మందం 40 మిల్లీమీటర్లు మించరాదని వరల్డ్ అథ్లెటిక్స్ నియమం పెట్టిందంటే వాటిలో పస ఉందనే అర్థం. కానీ హాఫ్ మారథాన్‌ను రెండున్నర గంటల్లో ముగించేవారు ఇరవై వేల రూపాయలు వాటికి పోయనక్కరలేదు.

అపోహ: ఉత్త కాళ్లతో పరుగెత్తడమే సహజం, అదే మంచిది.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా పరుగువీరుడు అబెబె బికిలా ఉత్త కాళ్లతో మారథాన్ గెలిచిన మాట నిజం. అదే బికిలా 1964లో టోక్యోలో షూ వేసుకొని, 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో, రోమ్ కంటే మూడు నిమిషాలు తక్కువగా ముగించిన సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. చిన్నప్పటి నుంచి చెప్పుల్లో నడిచిన పాదం రాత్రికి రాత్రి మారదు.

అపోహ: పరుగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయి.

ఆరోగ్యం కోసం మితంగా పరుగెత్తేవారిలో మోకాళ్ల అరుగుదల, అసలు కదలకుండా కూర్చునేవారితో పోలిస్తే తక్కువగానే కనిపించింది. మోకాలిలో ఇప్పటికే వాపు, పట్టేయడం ఉన్నవారు మాత్రం ముందు చూపించుకోవాలి.

అపోహ: మాది ఫ్లోరైడ్ ప్రాంతం, మా ఎముకలు పరుగుకు పనికిరావు.

మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు నుంచి వచ్చేవారు ఈ మాట అంటుంటే నాకు కోపం రాదు, ఎందుకంటే వాళ్ల ఇళ్లలో వంగిపోయిన పెద్దల్ని చూసి పెరిగిన భయం అది. అయితే ఫ్లోరోసిస్ ఎముకలను పట్టేది, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని బాగా మించిన నీటిని ఏళ్ల తరబడి తాగినప్పుడు. వెన్ను, మెడ, కీళ్లు బిగుసుకుపోవడం దాని లక్షణం. దూరం పెంచిన పది రోజులకు ఒక కాలిలోనే మొదలై, విశ్రాంతి ఇస్తే తగ్గే నొప్పిని ఫ్లోరైడ్ ఖాతాలో వేయవద్దు. వెన్ను బిగుసుకుపోతుంటే మాత్రం పరుగు ఉన్నా లేకపోయినా వైద్యుడికి చూపించుకోవాలి.

అపోహ: నల్లగొండ దగ్గరి ఉదయసముద్రం రిజర్వాయర్ కట్ట మీద ఇరవై కిలోమీటర్లు పరుగెత్తితే హైదరాబాద్ హాఫ్ మారథాన్‌కు సిద్ధమైనట్టే.

కట్ట చదునుగా ఉంటుంది, హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి. తొడల ముందు కండరాలను పిండేది దిగడమే. వారంలో ఒక రోజు ఎత్తుపల్లాల దారిలో, పల్లంలో వేగం పట్టుకొని సాధన చేయాలి.

అపోహ: ఎంత నీళ్లు తాగితే అంత మంచిది.

మా ఎండల్లో ఈ సలహా సబబుగానే వినిపిస్తుంది, ఎండలో నీళ్లు తక్కువైతే ప్రమాదమే. కానీ 2002 బోస్టన్ మారథాన్‌లో ముగింపు గీత దగ్గర రక్తపరీక్ష చేసిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం (ఉప్పులోని లవణం) తక్కువగా ఉందని తేలింది. దారి పొడవునా అతిగా తాగి బరువు పెరిగినవారిలోనే ఇది ఎక్కువ. దాహం వేసినప్పుడు తాగండి, గంటల తరబడి చెమటోడ్చే రోజున ఓఆర్‌ఎస్ వెంట ఉంచుకోండి. నాలుగైదు గంటలు నెమ్మదిగా పరుగెత్తి వచ్చిన మనిషికి వేళ్లు ఉబ్బి, వాంతులై, మాట తడబడుతుంటే, నీరసమనుకొని ఇంకో సీసా నీళ్లు తాగించకుండా, దారంతా ఎంత తాగారో వైద్యులకు చెప్పి వెంటనే ఆసుపత్రిలో సోడియం పరీక్ష చేయించండి.