పొలంలో తేనెటీగ ఒంటికి ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

"పెట్టె ముందు చచ్చిన ఈగలు లేవు, అంతా బాగానే ఉంది." ఈగలు పెంచేవాళ్లే ఈ మాట అంటుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకునేవాణ్ణి.

అపోహ: ఎటు చూసినా పూలే, ఇక తిండికేం లోటు?

వాస్తవం: ఒకే పంట అయితే లోటే. మకరందం ఎగరడానికి శక్తినిస్తుంది, ఒళ్లు కట్టేది మాత్రం పుప్పొడి. అన్ని పుప్పొళ్లూ ఒకటి కావు. మొక్కజొన్న, పొద్దుతిరుగుడు పుప్పొడి ఒక్కటే తింటే ఈగకు చాలదు. పుప్పొడి తక్కువైతే, పిల్లలకు పాలలాంటి జెల్లీ ఇచ్చే దాది ఈగల తలలోని గ్రంథులు చిన్నవైపోతాయి. పొట్టలోని కొవ్వు పొర కూడా పలచబడుతుంది. రోగాన్ని తట్టుకోవడానికి, విషాన్ని విరగ్గొట్టడానికి సాయపడేది ఆ పొరే. అందుకే పెట్టెలోంచి ఫ్రేమ్ (తేనెపట్టు కట్టే చట్రం) ఎత్తగానే నేను తేనె చూడను, చిన్న పురుగులు, అంటే ఈగ పిల్లలు, ఉన్న గదులు చూస్తాను. పురుగు తెల్లటి జెల్లీలో తేలుతుంటే సరే. గది అడుగు పొడిగా కనిపిస్తే టెన్షన్ మొదలు, బయట ఎన్ని పూలున్నా సరే.

అపోహ: ఈగ చిన్నగా పుట్టినా తర్వాత తిని పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. గుడ్డు పగిలాక ఐదారు రోజులు తిన్న తిండే దాని సైజు తేలుస్తుంది. రెక్కలతో బయటికొచ్చాక పై పెంకు సాగదు.

అపోహ: పురుగుమందుకు చావలేదంటే ఏం కానట్టే.

వాస్తవం: 2012లో ఫ్రాన్స్ పరిశోధకులు ఈగల వీపుకు బుల్లి ట్యాగులు అంటించి చూశారు. థయామెథాక్సామ్ అనే పురుగుమందును చంపనంత తక్కువ మోతాదులో తిన్న ఈగల్లో చాలావాటికి ఇంటిదారి దొరకలేదు. దారి తప్పిన ఈగ పెట్టె ముందు పడి ఉండదు కదా, మన కంటికి కనపడదు. ఇలాంటి మందులు పోతు ఈగల వీర్యాన్నీ దెబ్బతీస్తాయి.

అపోహ: తెగుళ్ల మందు శిలీంద్రాలకే, ఈగలకు భయం లేదు.

వాస్తవం: ప్రోపికోనజోల్ లాంటి తెగుళ్ల మందులు ఈగ ఒంట్లో విషాన్ని విరిచే ఎంజైములను అడ్డుకుంటాయి. దాంతో కలిపి కొట్టిన పురుగుమందు ఇంకా గట్టిగా పట్టేస్తుంది. ట్యాంకులో రెండూ కలిపే వాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

అపోహ: గడ్డి మందుతో ఈగకేం సంబంధం?

వాస్తవం: గ్లైఫోసేట్ అనే గడ్డి మందు తేనెటీగ పేగులోని మేలు చేసే బ్యాక్టీరియాను తగ్గిస్తుంది. గట్టు మీది కలుపు పూలు పోవడం అదనం. తేనెటీగ రెండు మూడు కిలోమీటర్లు పోయి వేరే పుప్పొడి తెచ్చుకోగలదు. నేలలో బొరియ చేసుకుని ఒంటరిగా బతికే చిన్న ఈగల్లో చాలావాటికి ఆ గట్టు దాటితే అంత దూరం పోయే శక్తి లేదు.