మూడు చుక్కల గొడవకు మూలం 1997లో

రుషికొండ ఐటీ పార్కులోని ఒక ఆఫీసులో ప్రోగ్రాములు రాసే జావా భాషలోని ఒకే ఒక్క లైను మీద మళ్లీ వాదన రేగింది: ‘ఆర్డర్ డాట్ గెట్‌కస్టమర్ డాట్ గెట్‌అడ్రస్ డాట్ గెట్‌సిటీ’. అంటే ఆర్డరులోంచి కస్టమరును, కస్టమరులోంచి అడ్రసును, అడ్రసులోంచి ఊరును లాగడం. కౌంటర్ దగ్గరే సరుకు తీసుకెళ్లే కస్టమరుకు అడ్రస్ ఉండదు. అక్కడ నల్ (ఏమీ లేదని చెప్పే ఖాళీ విలువ) తగిలి ప్రోగ్రాం పడిపోయింది. లైనే తప్పని కొత్తగా చేరిన పిల్లలు, ఇన్నేళ్లూ ఇలాగే రాశామని టీమ్ లీడ్.

క్లాసు (డేటానూ దాని మీద చేసే పనులనూ కలిపి రాసే అచ్చు) అంటే ఏమిటో ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో మొదటి రోజే చెప్పేస్తారు. కారు ఒక వాహనం, కారుకు ఇంజిన్ ఉంది: ‘ఈజ్-ఏ’, ‘హ్యాజ్-ఏ’ బట్టీ పట్టిస్తారు. ఆ ఇంజిన్ మీద బయటివాళ్లు ఎందాకా చెయ్యి వేయొచ్చో మాత్రం చెప్పరు.

నా లెక్కలో మలుపు 1997. సన్ మైక్రోసిస్టమ్స్ జావాబీన్స్ నిబంధనల 1.01 వెర్షన్ ఇచ్చిన ఏడాది. బటన్ల లాంటి భాగాలను మౌసుతో లాగి తెర మీద అమర్చుకునే టూల్స్ కోసం వచ్చిన ఏర్పాటు అది. బటన్ రంగేమిటో టూల్ తనంతట తాను పసిగట్టాలంటే మెథడ్ల (క్లాసులో ఒక్కో పని చేసే కోడ్ ముక్కల) పేర్లకు ఒక పద్ధతి కావాలి. అందుకే విలువ చదవడానికి గెట్, మార్చడానికి సెట్. బటన్ కొలతలకు కుట్టిన చొక్కాను తర్వాత ఆర్డరుకూ, కస్టమరుకూ, బ్యాంకు ఖాతాకూ తొడిగేశారు. ఫీల్డును (క్లాసులో విలువ ఉండే చోటును) ప్రైవేట్ అని దాచడం, పక్కనే గెట్టర్ (గెట్ మెథడ్) పెట్టి చూపించడం! కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్ ఐడీఈయే వాటిని రాసిచ్చేస్తుంటే ఆగి ఆలోచించేదెవరు?

హెచ్చరిక అప్పటికి పదేళ్ల పాతది. 1987లో అమెరికాలోని నార్త్ ఈస్టర్న్ యూనివర్సిటీలో, డిమీటర్ ప్రాజెక్టులో ఇయాన్ హాలండ్ ప్రతిపాదించిన సూత్రం: చేతిలో ఉన్న ఆబ్జెక్టు (క్లాసు అచ్చులోంచి తీసిన వస్తువు)తోనే మాట్లాడు, అది ఇచ్చినదాని కడుపులోకి దూరకు. మన ఫిషింగ్ హార్బర్‌లో వంజరం కొనేవాడు బోటెక్కి ఐసుపెట్టె తెరవడు, అమ్మే ఆవిడనే అడుగుతాడు. ‘ఎక్కడికి పంపాలి?’ అని ఆర్డరునే అడిగితే, అడ్రస్ లేని సంగతి అదే చూసుకుంటుంది.

ప్రతి ప్రశ్నకూ ఒక మెథడ్ రాస్తే ఆర్డర్ క్లాసు ఉబ్బిపోతుందని టీమ్ లీడ్ మాట. అదీ నిజమే.

జావా మాత్రం మెల్లగా దారి మార్చుకుంటూ వచ్చింది. 2014లో జావా 8తో, విలువ ఉండకపోవచ్చని ముందే చెప్పే ఆప్షనల్ వచ్చింది. 2021లో జావా 16తో స్థిరపడిన రికార్డుల్లో (డేటా పట్టుకోవడానికే ఉన్న క్లాసుల్లో) ‘గెట్’ అన్న ముక్కే లేదు. గొలుసులో ఏ కొక్కెం దగ్గర నల్ తగిలిందో ఎర్రర్ మెసేజ్ చెప్పడం 2020లో, జావా 14తో మొదలైంది. అంతకుముందు లైను నంబరు ఒక్కటే దిక్కు.

ఆ ఆఫీసు ఇంకా జావా 8 మీదే ఉంది. నల్ అయింది కస్టమరా, అడ్రసా అని తేల్చుకోవడానికే ఆ మధ్యాహ్నం గడిచిపోయింది.