గాలి ఊదితే దారి తప్పే రోబోలు

మామోరు ఓషీ 1989లో తీసిన యానిమేషన్ చిత్రం 'పాట్‌లేబర్'లో రోబోలు మనిషి మీద పగబట్టవు. లేబర్లు అనే ఆ యంత్రాలు కాళ్లూ చేతులూ ఉన్న జేసీబీల్లాంటివి. టోక్యో అఖాతాన్ని పూడ్చే పనిలో ఉంటాయి, లోపల డ్రైవరు కూర్చుని నడుపుతాడు. ఉన్నట్టుండి కొన్ని డ్రైవరు మాట వినడం మానేస్తాయి. కొన్నయితే డ్రైవరు లేకుండానే పరుగు తీస్తాయి.

దోషం కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ది. పనితనం పెరుగుతుందని ఊరంతా అదే ఎక్కించుకుంది. రాసినవాడు అందులో ఓ మెలిక దాచి చనిపోయాడు. భవనాల మధ్య గాలి దూరి, చెవికందని మంద్రధ్వని పుడితే ప్రోగ్రామ్ అదుపు తప్పుతుంది. సెకనుకు 40 మీటర్ల గాలితో, అంటే గంటకు 144 కి.మీ. వేగంతో, తుఫాను వస్తోంది.

ఇది కుదిరే పనేనా? లెక్క వేద్దాం. అడ్డొచ్చిన వస్తువు వెనక గాలి సుడులు తిరుగుతుంది. గుండ్రటి స్తంభమైతే గాలి వేగాన్ని దాని వెడల్పుతో భాగించి 0.2తో గుణిస్తే, సెకనుకెన్ని సుడులో వస్తుంది. ఆ తుఫానులో అరమీటరు పైపుకు 16. మన వినికిడి సుమారు 20 హెర్ట్‌జ్ దగ్గర మొదలవుతుంది కాబట్టి అది వినబడదు. సినిమాకు కావలసింది సరిగ్గా అదే! కానీ 30 మీటర్ల వెడల్పున్న నలుపలకల భవనానికి ఆ 0.2 కాస్తా 0.12కు పడిపోతుంది, ఆరు సెకన్లకో సుడి. భవనం ఊగుతుంది తప్ప మోగదు.

ధ్వని యంత్రాన్ని తికమక పెట్టడం మాత్రం కల్పన కాదు. 2015లో దక్షిణ కొరియాలోని కైస్ట్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు ఓ డ్రోన్‌ను శబ్దంతోనే పడగొట్టారు. డ్రోన్ ఎటు ఒరుగుతోందో పసిగట్టే గైరో చిప్‌లోని సన్నటి ముక్కకు ఓ సహజ పౌనఃపున్యం, అంటే తనంతట తాను అదిరే వేగం, ఉంటుంది. అదే పౌనఃపున్యమున్న శబ్దం తగిలితే అది గట్టిగా అదురుతుంది, డ్రోన్ తాను ఒరిగిపోతున్నాననుకుని మోటార్లను అడ్డదిడ్డంగా సరిచేసుకుంటుంది. అయితే ఆ శబ్దాలు వేల హెర్ట్‌జ్‌లవి, గాలి హోరు కాదు.

మరి సినిమాలో మంద్రధ్వని ఎక్కణ్ణుంచి రావాలి? ఖాళీల నుంచి. హైవే మీద కారు వెనక అద్దం ఒక్కటే దించి చూడండి, చెవులు గుబగుబలాడతాయి. కారు లోపలి గాలి మొత్తం, ఊదిన ఖాళీ సీసాలో గాలిలాగే కొట్టుకుంటుంది. ఎదుటి అద్దం నాలుగు వేళ్లంత దించితే ఆగిపోతుంది. గాలికి ఆ మంద్రధ్వని పుట్టించబోయే, సముద్రంలో నిలబెట్టిన 'ఆర్క్' అనే భారీ వేదిక విషయంలో చిత్రంలోని పోలీసులు ఎంచుకున్న దారీ ఇలాంటిదే: తుఫాను పూర్తిగా విరుచుకుపడేలోపు దాన్ని విడగొట్టేస్తారు.