పులుపు నిలబెట్టే వైన్

జర్మనీలో మోజెల్ నది ఒడ్డున బెర్న్‌కాస్టెల్ అనే చిన్న ఊరుంది. ఊరి ఇళ్ళ వెనకే నిటారుగా లేచిన కొండవాలు మీద ‘డాక్టర్’ అనే ద్రాక్షతోట ఉంది. మొత్తం కలిపినా మూడు హెక్టార్ల పైచిలుకు, అంటే మన లెక్కలో ఎనిమిదెకరాలకు కాస్త అటూ ఇటూ. అదైనా ఒక్కరిది కాదు, కొందరు యజమానుల మధ్య ముక్కలుగా ఉంది. పద్నాలుగో శతాబ్దంలో ట్రియర్ ఆర్చ్‌బిషప్ ఒకాయనకు ఏ మందుకూ లొంగని జబ్బు చేసిందనీ, ఈ తోట వైన్ తాగాక లేచి కూర్చున్నాడనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ అక్కడ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గానీ, ఈ తోట సీసాల ధర చూస్తే మాత్రం మామూలు మనిషికి జ్వరం వస్తుంది.

ఈ ఊరు దాదాపు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మన హైదరాబాద్ 17 డిగ్రీల దగ్గర ఉంటుంది. వైన్ ద్రాక్ష బాగా పండే ప్రాంతాలు ఎక్కువగా 30, 50 డిగ్రీల మధ్యే ఉన్నాయి కాబట్టి, మోజెల్ రైతు పొలిమేర మీద సేద్యం చేస్తున్నట్టే. ఇక్కడి ప్రధాన రకం రీస్లింగ్. ఈ తెల్ల ద్రాక్ష పేరు జర్మనీ రికార్డుల్లో 1435 నుంచే ఉంది. 1787లో ట్రియర్ పాలకుడైన ఆర్చ్‌బిషప్ క్లెమెన్స్ వెన్‌జెస్లాస్, నాసిరకం తీగలు పీకేసి మంచి రకాలు, ముఖ్యంగా రీస్లింగ్, నాటమని ఉత్తర్వు ఇచ్చాడు.

చిక్కటి ఎర్ర వైన్‌కి అలవాటు పడ్డవాళ్ళు మొదటిసారి మోజెల్ రీస్లింగ్ తాగితే సాధారణంగా నిరాశపడతారు. రంగు నీళ్ళకంటే కొంచెం ఎక్కువ. ఆల్కహాల్ ఒక్కోసారి 8 శాతమే. పైగా పులుపు, దానికి తోడు కాస్త తీపి. ‘ఇదేం వైన్, ద్రాక్షరసంలా ఉంది’ అనేస్తారు. తప్పు నాలుకది కాదు, కొలతది. వేడి ప్రాంతపు వైన్‌లో బరువు, ఘాటు, రంగు చూసి మార్కులు వేయొచ్చు. చల్లటి ప్రాంతపు వైన్‌ని ఆ లెక్కన కొలిస్తే ఎప్పుడూ తక్కువే వస్తుంది. అక్కడ ముందు చూడాల్సింది పులుపు: ఎంత ఉందన్నది కాదు, మిగతావాటిని నిలబెడుతోందా లేదా అన్నది.

ఆ పులుపు ఎక్కడిదో చూద్దాం. ద్రాక్షలో ముఖ్యంగా రెండు ఆమ్లాలుంటాయి. ఒకటి టార్టారిక్ ఆమ్లం. మన చింతపండులో పులుపంతా ప్రధానంగా దీనిదే, కాబట్టి ఈ విషయంలో తెలుగు నాలుకకు కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు. రెండోది మాలిక్ ఆమ్లం, పచ్చి ఆపిల్ కొరికితే తగిలేది. కాయ గట్టిగా, ఆకుపచ్చగా ఉన్నప్పుడు రెండూ పోగవుతాయి. కాయ మెత్తబడి చక్కెర చేరడం మొదలయ్యాక దారులు వేరవుతాయి. టార్టారిక్ దాదాపు అలాగే ఉండిపోతుంది. మాలిక్‌ని మాత్రం కాయ తన శ్వాసకు ఇంధనంగా వాడుకుంటుంది. వేడి పెరిగేకొద్దీ ఈ ఖర్చూ పెరుగుతుంది, రాత్రుళ్ళు కూడా వెచ్చగా ఉంటే ఇరవై నాలుగ్గంటలూ ఖర్చే.

దక్కనులో ద్రాక్షతీగ చలికాలం నిద్రపోదు. రైతు ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఒక పంట తీసుకుంటాడు. గుత్తులు పండేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, ఎండలు ముదిరే రోజుల్లో. హైదరాబాద్ చుట్టుపక్కల పేరుపడ్డ అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష కమ్మగా ఉండడానికి ఇదీ ఒక కారణం. తినడానికి అది భేషైన పండు. మోజెల్లో పండే కాలం తలకిందులు. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో, పగళ్ళు కుదించుకుపోతూ రాత్రుళ్ళు 10 డిగ్రీల కిందకు జారుతున్నప్పుడు, చక్కెర మెల్లగా చేరుతుంది, మాలిక్ మిగిలిపోతుంది. అందుకే అక్కడి రీస్లింగ్‌లో లీటరుకు 7 నుంచి 9 గ్రాముల ఆమ్లం మామూలే. పులుపు తీవ్రతను చెప్పే పీహెచ్ (ఈ అంకె ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ) 3 దగ్గర తచ్చాడుతుంది.

ఇంత చలిలో కనీసం ఆ మాత్రమైనా పండటానికి వాలే ఆధారం. దక్షిణానికి తిరిగిన నిటారు కొండ మీద సూర్యకిరణాలు ఏటవాలుగా కాకుండా సూటిగా పడతాయి. బ్రెమ్ ఊరి దగ్గర కాల్మోంట్ వాలు కొన్నిచోట్ల 65 డిగ్రీలుంటుంది. అక్కడ ట్రాక్టర్ మాట అటుంచి, మనిషి నిలబడటమే ఒక విద్య. ప్రతి తీగకూ విడిగా ఒక గుంజ పాతి, కొమ్మల్ని గుండె ఆకారంలో వంచి కడతారు. నేలంతా పలకరాయి పెచ్చులు, దాదాపు 40 కోట్ల ఏళ్ళ నాటివి. మార్కాపురం పలకలు చూసినవాళ్ళకు ఆ రాయి పొరలు పొరలుగా ఎలా ఊడొస్తుందో చెప్పక్కర్లేదు. ముదురు రంగు పలక పగలు వేడెక్కి, పొద్దుగూకాక ఆ వేడిని వదులుతుంది. కింద నది చలి తీవ్రతను కొంత తగ్గిస్తుంది.

చిన్నతోటకున్న లాభం ఇక్కడే. రైతు ఒకే ముక్కలో రెండుమూడు దఫాలుగా కోయగలడు. ఒక ద్రాక్షను చిదిమి, చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద ఒక్క చుక్క వేసి, మూత మూసి, వెలుతురు వైపు ఎత్తి చూస్తాడు. లోపల నీలం, తెలుపు కలిసే గీత ఏ అంకె దగ్గరుంటే అదే చక్కెర లెక్క. జర్మనీలో ఆ అంకెను ఎక్స్‌లే డిగ్రీల్లో చెబుతారు. ఫోర్జ్‌హైమ్ ఊరి ఫెర్డినాండ్ ఎక్స్‌లే 1830ల్లో ప్రచారంలోకి తెచ్చిన కొలత ఇది. నీటి సాంద్రత 1.000 అనుకుంటే, సాంద్రత 1.080 ఉన్న రసం 80 డిగ్రీలన్నమాట. కాబినెట్, ష్పేట్‌లేజె, ఆస్‌లేజె అని లేబుల్ మీద కనిపించే మెట్లన్నీ కోతనాటి ఈ అంకె మీద కట్టినవే. అవి సీసాలోని తీపిని చెప్పవు, గుర్తుపెట్టుకోండి. రసంలోని చక్కెరనంతా ఈస్ట్ తిని ఆల్కహాల్‌గా మార్చేస్తే ష్పేట్‌లేజె కూడా తీపి లేకుండా తయారవుతుంది. మధ్యలో చల్లబరిచి ఈస్ట్‌ని ఆపేస్తే తీపి మిగులుతుంది, ఆల్కహాల్ తక్కువగా ఉంటుంది.

ఇక గ్లాసు దగ్గరకొద్దాం.

తీపి మిగిలిన కాబినెట్‌లో లీటరుకు 40 గ్రాముల చక్కెర ఉండటం వింతేమీ కాదు. అయినా అది పానకంలా అనిపించదు. పులుసులో బెల్లం వేస్తే ఏం జరుగుతుందో ఇక్కడా అదే: రెండూ ఉన్నాయి, రెండూ ఒకదాన్నొకటి అణిచిపెట్టుకున్నాయి. నాలుక మీద ఈ రెండు రుచులకూ వేర్వేరు దారులు. ఆమ్లంలోని ప్రోటాన్లు పులుపును పసిగట్టే కణాల్లోకి ఓటాప్1 అనే ద్వారం గుండా వెళ్తాయని 2018 తర్వాతే స్పష్టమైంది. తీపికి పూర్తిగా వేరే గ్రాహకం ఉంది. ఈ రెండు సంకేతాలూ కలిసినప్పుడు ఒక్కొక్కటీ విడిగా ఉన్నప్పటికంటే తక్కువగా తెలుస్తుంది. కాబట్టి ‘తియ్యగా ఉంది’, ‘పుల్లగా ఉంది’ అని విడివిడిగా రాసుకుంటే సగం సంగతే తెలుస్తుంది.

రుచి చూసేవాళ్ళు వాడే ఒక తేలికైన పద్ధతి ఉంది. ఒక గుక్క నోట్లో తిప్పి ఉమ్మేయండి. ఉమ్మడం మర్యాద తక్కువేమీ కాదు, పొద్దున్నుంచి పదుల సంఖ్యలో వైన్లు చూసేవాళ్ళందరూ బకెట్‌లోకి ఉమ్మేవాళ్ళే. ఆ తర్వాత గమనించండి. బుగ్గల లోపలి నుంచి నీళ్ళు ఊరుతూనే ఉన్నాయా? ఆ ఊరుతున్నంతసేపూ పండు రుచి కూడా ఉందా, లేక పండు పోయి ఒట్టి పులుపే మిగిలిందా? రెండోది జరిగితే అది పచ్చికాయల వైన్. పులుపు త్వరగా పోయి తీపి నాలుకకు అంటుకుని ఉంటే, ఆ ఏడు ఎండ మితిమీరిందనో, కోత ఆలస్యమైందనో అనుమానించాలి. నోటి మధ్యలో ఏమీ లేనట్టు ఖాళీగా తగిలితే తీగకు కాపు మరీ ఎక్కువైందేమో చూడాలి.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తీర్పు ఇవ్వకూడదు. తీపి కబురును మెదడుకు చేర్చే వరుసలో ట్రిప్‌ఎం5 అనే ప్రోటీన్ ఉంటుంది. చల్లబడితే అది మందగిస్తుంది. అందుకే ఐస్‌లా ఉన్న వైన్ అసలుకంటే తక్కువ తీపిగా, బిగుసుకున్నట్టు ఉంటుంది. 8, 10 డిగ్రీల దగ్గర ఒకసారి, 14 దాకా వెచ్చబడ్డాక మళ్ళీ చూడాలి. చల్లగా ఉన్నప్పుడు బాగున్న నాసిరకం వైన్ వెచ్చబడేసరికి దొరికిపోతుంది.

వాసన దగ్గర జాగ్రత్తలు ఇంకా ఎక్కువ. కొత్తగా సీసాకెక్కిన రీస్లింగ్‌లో అగ్గిపుల్ల గీసిన వాసన రావచ్చు. పాడవకుండా వేసే సల్ఫర్ డయాక్సైడ్‌ది అది. కాసేపు గ్లాసు తిప్పితే పోతుంది. వయసొచ్చిన రీస్లింగ్‌లో కిరసనాయిలు వాసన తగిలి కొందరు ముఖం చిట్లిస్తారు. దానికి కారణం టీడీఎన్ అనే పదార్థం. ఎండ తగిలిన కాయల్లోని కెరోటినాయిడ్‌లు (పసుపు, నారింజ రంగునిచ్చే పదార్థాలు) విరిగి దానికి మూలపదార్థాలు తయారవుతాయి, ఆమ్లం ఉన్న సీసాలో ఏళ్ళ తరబడి అవి టీడీఎన్‌గా మారతాయి. లీటరుకు కొన్ని మైక్రోగ్రాములున్నా ముక్కు పట్టేస్తుంది. పదేళ్ళ సీసాలో కొద్దిగా ఉంటే నాకు అభ్యంతరం లేదు. ఏడాది తిరగని సీసాలో గుప్పుమంటే మాత్రం గుత్తుల చుట్టూ ఆకులు మరీ తీసేశారనో, ఆ ఏడు ఎండ కాల్చేసిందనో అనుకోవాలి.

‘పలకరాయి రుచి’ అనే మాట మోజెల్ గురించి ఎవరు మాట్లాడినా వస్తుంది. వేరు రాయిని పీల్చి పండులో పెట్టిందన్నట్టు చెబుతారు. ఏబరిస్ట్‌విత్ విశ్వవిద్యాలయపు భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ ఏళ్ళుగా దీన్ని ఖండిస్తున్నారు. తీగ తీసుకునేది నీళ్ళలో కరిగిన పోషకాలను మాత్రమే, వైన్‌లో చేరే వాటి మోతాదు రుచి తెలిసేంత ఉండదు, పలకకు సొంతంగా రుచే లేదన్నది ఆయన వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది. రాయి పని వేడి పట్టి ఉంచడం, నీళ్ళు త్వరగా దిగిపోనివ్వడం. దాని ప్రభావం పండిన తీరులో కనిపిస్తుంది. ‘తడిసిన పలక వాసనలా ఉంది’ అని రాయడం తప్పు కాదు, ‘నేలలో పలక ఉంది కాబట్టి’ అని కారణం కట్టడమే తొందరపాటు.

అసలు మన ముక్కు ఎంత నమ్మదగింది? 2001లో ఫ్రాన్స్ పరిశోధకులు మోరో, బ్రోషే, దుబుర్దియూ ఒక ప్రయోగం ప్రచురించారు. తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి 54 మందికి ఇచ్చారు. వాళ్ళంతా వైన్ శాస్త్రం చదువుతున్నవాళ్ళే. మామూలుగా ఎర్ర వైన్‌కి వాడే వాసనల పేర్లనే ఎక్కువగా దానికీ రాశారు. ఇక వైన్ తయారీదారు రాబర్ట్ హాడ్జ్‌సన్ కాలిఫోర్నియా రాష్ట్ర పోటీల న్యాయనిర్ణేతలకు ఒకే సీసాలోని వైన్‌ని, చెప్పకుండా, ఒకే వరుసలో మూడుసార్లు పెట్టించాడు. 2008లో ఆయన ప్రచురించిన ఫలితాల ప్రకారం నిలకడగా ఒకే స్థాయి మార్కులు వేసినవాళ్ళు పదిమందిలో ఒకరు. దీంతో రుచి చూడటమంతా బూటకమని తేల్చేసేవాళ్ళున్నారు. అది అతి. పద్ధతి లేకుండా చూస్తే ఎవరైనా మోసపోతారన్నంత వరకే అది రుజువు.

జర్మనీలో నాణ్యమైన వైన్ అని లేబుల్ వేసుకోవాలంటే ప్రతి సరుకూ ప్రయోగశాల పరీక్షతోపాటు పేరు దాచిన రుచి పరీక్ష కూడా నెగ్గాలి. 5 పాయింట్లకు 1.5 వస్తే చాలు. నెగ్గినదానికి ఇచ్చే సంఖ్యే లేబుల్ మీద ఏ.పీ. అన్న అక్షరాల పక్కన ఉంటుంది. పాస్ మార్కు చూశారుగా! సీసాలో పెద్ద దోషం లేదని ఆ సంఖ్య చెబుతుంది, బాగుందని కాదు.

చిన్నతోట వైన్‌ని అంచనా వేయడంలో పెద్ద చిక్కు ఆ రైతే. ఆయన గదిలో కూర్చుని, వాలు చూస్తూ, ఆయన కష్టం వింటూ తాగితే ఎవరికైనా రెండు మార్కులు ఎక్కువే పడతాయి. సీసాలు ఇంటికి తెచ్చుకుని, కాగితం చుట్టి, వేరే ఊళ్ళ రీస్లింగ్‌లతో కలిపి, ఇంకెవరితోనైనా పోయించుకోవాలి. సగం సీసా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు చూడాలి. ఆమ్లం, పండు సరిగ్గా ఉన్నది మర్నాటికి మెరుగయ్యే సందర్భాలూ ఉన్నాయి. అడుగున గాజుముక్కల్లాంటి స్ఫటికాలు కనిపిస్తే కంగారుపడొద్దు. చల్లదనంలో టార్టారిక్ ఆమ్లపు లవణం గట్టిపడిందంతే.

ఏ ఏడాదిదో చూడకుండా మాత్రం మార్కులు వేయలేం. 2003 వేసవి ఎండలకు జర్మనీలో పులుపు ఎంత పడిపోయిందంటే, అంతవరకూ నిషేధమున్నా ఆమ్లం కలుపుకోవడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు. ఏడేళ్ళు తిరిగేసరికి, 2010లో, చాలామంది సున్నపు లవణం వేసి పులుపు తగ్గించుకోవాల్సి వచ్చింది. 2019 పంట తర్వాతి చలికాలం వెచ్చగా గడిచి, ద్రాక్ష తీగ మీదే సున్నాకు 7 డిగ్రీల కింద గడ్డకడితే గానీ చేయలేని ఐస్‌వైన్ జర్మనీలో లేకుండా పోయింది. 2024 ఏప్రిల్‌లో ముందే చిగురించిన తీగల్ని మంచు కాల్చేసింది. చల్లటి ప్రాంతం వేడెక్కడమంటే పులుపు తగ్గడం ఒక్కటే కాదు, చిగురు తొందరపడి చలికి దొరికిపోవడం కూడా.

పీహెచ్ తక్కువగా ఉంటే అదే మోతాదు సల్ఫర్ ఎక్కువ పనిచేస్తుంది, సూక్ష్మజీవులు నిలవలేవు. అందుకని తీపి, పులుపు రెండూ దండిగా ఉన్న మోజెల్ రీస్లింగ్ దశాబ్దాలు నిలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు 2003 సీసా అందరికీ నచ్చింది, 2010ది పళ్ళు పులిసేలా ఉందనిపించింది. ఒకే రైతు ఒకే తోటలోంచి తీసిన ఈ రెండూ దొరికితే పక్కపక్కన పెట్టి, ఇప్పుడు మార్కులు వేసి చూడండి. నా ఓటు 2010కే.