‘ఉన్నా, దొరికినా’: ఎస్‌క్యూఎల్‌కు లేని దీర్ఘం

తొలకరి రోజుల్లో అనంతపురం పల్లెల్లో వినిపించే మాట: “పదునైతే, ఇత్తనం ఇంట్లో ఉన్నా, అంగట్లో దొరికినా శెనక్కాయ ఏస్తాం.” ఇందులో మూడు షరతులు. పదును, అంటే నేలలో తడి, తప్పనిసరి. ఇత్తనానికి రెండు దారుల్లో ఏదో ఒకటి చాలు. ఏది దేనితో జతో వినేవాళ్లకు అనుమానమే రాదు. ‘ఉన్నా’, ‘దొరికినా’ చివరి దీర్ఘాలే ఆ రెండింటినీ ఒక మూటగా కట్టేస్తాయి.

డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో ఈ దీర్ఘం లేదు. అండ్ (రెండూ), ఆర్ (ఏదో ఒకటి) కలిసి వస్తే అండ్‌నే ముందు చూస్తుంది, లెక్కల్లో కూడిక కంటే ముందు గుణకారం చేసినట్టు. ఈ పోలికకు చరిత్ర ఉంది. 1854లో గణితవేత్త జార్జ్ బూల్ తర్కాన్ని బీజగణితంగా మలిచినప్పుడు ‘రెండూ’ అనేదాన్ని గుణకారంగా, ‘ఏదో ఒకటి’ అనేదాన్ని కూడికగా రాశాడు.

ఇలా అండ్‌ను ముందు చూడడం వల్ల వచ్చే తప్పు మన జిల్లాలోనే చూడొచ్చు. 2022 ఏప్రిల్ 4న ధర్మవరం, కదిరి, హిందూపురం శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. పాత ఉమ్మడి జిల్లాలో వేరుశనగ ఎంత వేశారో తెలియాలంటే ఇప్పుడు రెండు పేర్లూ అడగాలి. నేను మొదట రాసింది ఇది:

జిల్లా = ‘అనంతపురం’ ఆర్ జిల్లా = ‘శ్రీసత్యసాయి’ అండ్ పంట = ‘వేరుశనగ’

శ్రీసత్యసాయి నుంచి వేరుశనగ ఒక్కటే వచ్చింది. అనంతపురం నుంచి మాత్రం కంది, ఆముదం, వరి, అన్నీ వచ్చిపడ్డాయి. పంట షరతు పక్కనున్న శ్రీసత్యసాయికే అతుక్కుంది. తప్పు జరిగిందని కంప్యూటర్ ఒక్క మాటా చెప్పలేదు, ఎందుకంటే దాని వ్యాకరణం ప్రకారం అది సరైన ప్రశ్నే. రెండు జిల్లాల చుట్టూ బ్రాకెట్ పెట్టగానే లెక్క కుదిరింది. ఆ బ్రాకెటే మన దీర్ఘం చేసే పని చేస్తుంది.

వరసతో వచ్చే చిక్కు ఇంకొకటి. వాతావరణ శాఖ లెక్కలో వర్షం సాధారణం కంటే 20 నుంచి 59 శాతం తగ్గితే లోటు, 60 నుంచి 99 శాతం తగ్గితే తీవ్ర లోటు. ఏ షరతుకు ఏ పేరు పెట్టాలో చెప్పే ఎస్‌క్యూఎల్ కేస్ వాక్యంలో షరతులను పైనుంచి కిందికి చూస్తారు, నిజమైన మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. ‘తగ్గుదల 20 లేదా అంతకన్నా ఎక్కువ’ అని పైన రాస్తే 70 శాతం తగ్గిన మండలం కూడా అక్కడే ‘లోటు’ అయిపోతుంది. కింద రాసిన ‘తీవ్ర లోటు’ దాకా ఏ మండలమూ చేరదు. కఠినమైన షరతే పైనుండాలి.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఖాళీ గడి. వర్షమాపకం చదవని రోజున అక్కడ సున్నా ఉండదు, నల్ ఉంటుంది. నల్‌ను దేనితో పోల్చినా జవాబు అవుననీ కాదు, కాదనీ కాదు: తెలియదు. అందుకే ఆ మండలం ఏ షరతుకూ చిక్కకుండా చివరనున్న ఎల్స్‌లో, అంటే ‘ఇవేవీ కాకపోతే’ అనే చోట, పడుతుంది. అక్కడ ‘సాధారణం’ అని రాసి ఉంటే, చినుకు పడిందో లేదో ఎవరూ చూడని ఊరు కరువు జాబితాలోంచి చప్పుడు లేకుండా జారిపోతుంది. అందుకే అన్నిటికన్నా పైన ‘ఈజ్ నల్’ (గడి ఖాళీగా ఉందా) షరతు పెట్టి, ఎదురుగా ‘నమోదు లేదు’ అని రాస్తాను. అది కనబడితే ఆ ఊరికి ఫోన్ చేసి అడగొచ్చు.